పిప్పరమెంట్ల మూడంతస్తుల కేకు

నా చిన్నప్పుడు భిలాయిలో, మా సెక్టర్ ఏడులో, గడియారాన్ని ఎవరూ పెద్దగా నమ్మేవారు కాదు. ఉక్కు ప్లాంటు భోంపునే నమ్మేవారు. భోంపంటే సైరన్. చుట్టుపక్కల హిందీవాళ్ళు అలా అంటే మేమూ అలాగే అనేవాళ్ళం. షిఫ్టు మారే వేళకి అది ఊరంతా వినబడేలా మోగేది. అది మోగితే పొయ్యి మీద పప్పు దించేవారు, అది మోగితే పిల్లలకి జడలు వెయ్యడం మొదలుపెట్టేవారు. మా అమ్మయితే చేతికి వాచీ ఉండి కూడా, భోంపు విని వాచీని సరిచేసుకునేది. అంత నమ్ముకున్న భోంపే ఒకరోజు మా పై ప్రాణాలు పైనే పోయేలా చేసింది. అది నా పుట్టినరోజు కావడం నా ఖర్మ.

ఆ రోజుల్లో అమ్మ పురిటికని శ్రీకాకుళం వైపు అమ్మమ్మగారింటికి వెళ్ళింది. నాలుగో తరగతి చదువు పాడవుతుందని నన్ను నాన్న దగ్గరే ఉంచేసింది. నాన్న కొలిమి దగ్గర పని. పొద్దున్న షిఫ్టయితే నేను లేవకముందే వెళ్ళిపోయి, మధ్యాహ్నం రెండింటి భోంపు మోగాక ఇల్లు చేరేవారు. ఆయన వచ్చేదాకా నన్ను చూసుకునేది పక్కింటి అక్క. అక్క వాళ్ళది విజయనగరం వైపు. పెళ్ళయి కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆవిడ భర్తని నేను బావా అనేదాన్ని. బావదీ నాన్నదీ ఒకేచోట, ఒకే షిఫ్టులో పని. తెల్లవారుజామున ఒకరి వెనక ఒకరు సైకిళ్ళ మీద వెళ్ళేవారు.

మా పక్కనున్న సుపేలా బజార్లో ఒక బేకరీ అద్దాల బీరువాలో గులాబీ పువ్వులు పెట్టిన కేకులు ఉండేవి. నాకవి నచ్చలేదు. పుట్టినరోజుకి నాకు అంతస్తులున్న కేకు కావాలి. మేమేమో నేలబారు క్వార్టర్లలో ఉండేవాళ్ళం, మేడ మీద కాపురముండే పిల్లలంటే నాకు కుళ్ళు. ఆ కుళ్ళంతా కేకు మీద తీర్చుకుందామనుకున్నాను. పైగా ఒక్కో అంతస్తు ఒక్కో పిప్పరమెంటు బిళ్ళ రుచిలో ఉండాలన్నాను. కింద నారింజ బిళ్ళలు, మధ్యలో చలవ చేసే తెల్ల పిప్పరమెంట్లు, పైన గులాబీ బిళ్ళలు, కప్పు మీద పెంకుల్లా నిమ్మతొన బిళ్ళలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, పిండి తడపకముందే దానికి మేడకేకు అని పేరు కూడా పెట్టేశాను. వేరే ఎవరైనా అయితే ఈ పిల్లకి పిచ్చెక్కిందనేవారు. అక్క మాత్రం కాసేపు ఆలోచించి, "చేసీద్దాం. నాన్న షిఫ్టు నుంచి వచ్చి భోంచేసీసరికి మేడ కట్టీద్దాం" అంది.

పుట్టినరోజునాడు బడికి సెలవు కావడంతో పొద్దున్నే మొదలుపెట్టాం. ఆవిడకి ఓవెన్ ఎక్కడిది? ప్రెషర్ కుక్కర్లో అడుగున ఇసక పోసి, మూతకి రబ్బరూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి చేసేది. బిళ్ళల్ని పాత చేతిరుమాల్లో మూటకట్టి రోకలిబండతో నలగ్గొట్టడం నా పని. వాటిని పిండిలో కలిపితే కొంత కరిగి రంగుగా, కొంత కరక్కుండా రవ్వల్లా మిగిలేవి. మొదటి అంతస్తు దిగేసరికి ఇల్లంతా నారింజ తొక్కలు ఒలిచిన వాసన. నేను గంతులేశాను. అక్క రెండో గిన్నె కుక్కర్లో పెట్టి స్నానానికి వెళుతూ, భోంపు మోగగానే గ్యాసు కట్టెయ్యమని నాకు అప్పజెప్పింది. అప్పటికి సరిగ్గా ఉడుకుతుందని ఆవిడ లెక్క. అంత పెద్ద పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. స్టూలు వేసుకుని పొయ్యికి కాపలా కూర్చున్నాను.

భోంపు మోగింది. ఇంత తొందరగా రెండయిందేమిటని అనుమానం రాకపోలేదు, కానీ భోంపుని అనుమానించడం మా ఇళ్ళల్లో లేదు. గ్యాసు కట్టేశాను. ఆత్రం ఆపుకోలేక గుడ్డతో పట్టుకుని మూత కూడా తీశాను. కేకు నడుమ ఇంకా పచ్చిగా ఉంది. నేను చూస్తుండగానే మధ్యలో గొయ్యి పడింది. మేడ మధ్య అంతస్తు కూలిపోయిందని, అక్క చంపేస్తుందని ఏడుపొచ్చేసింది. నా భయమంతా అప్పటికి అంతే.

భోంపు ఆగలేదు. రోజూ అది ఒక్కసారి కూసి ఊరుకునేది. ఇది పైకి లేస్తోంది, దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. తడి జుట్టుతో, చీర సరిగ్గా చుట్టుకోకుండానే అక్క వంటింట్లోకి వచ్చింది. ఆవిడ నన్ను చూళ్ళేదు, కేకుని చూళ్ళేదు. గోడ అవతల ఏదో ఉన్నట్టు గోడకేసి చూసింది. ఆ మొహం చూశాక కేకు సంగతి మర్చిపోయాను.

వీధిలోకి వెళితే గేటు గేటుకీ ఆడవాళ్ళే. చేతికి పిండి అంటుకున్నవాళ్ళు, చంటిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, అందరూ ప్లాంటు వైపే చూస్తున్నారు. ఎదురింటి దీదీ, "యే టైమ్ వాలా నహీఁ హై" అంది, ఇది వేళకి మోగేది కాదని. వేళకాని వేళ మోగితే ఏమిటో మాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. ప్లాంటు పిల్లలకి అది పుట్టుకతో తెలుసు. ఫోన్లు పెద్ద ఆఫీసర్ల బంగళాల్లో తప్ప మా వైపు లేవు. అడగడానికి మనిషి లేడు. నాన్న పొద్దున్న వెళుతూ నన్ను లేపలేదని, నేను ఆయన మొహం చూడలేదని గుర్తొచ్చింది.

పెద్దవాళ్ళందరూ నా తల నిమిరారు. ఏం కాదమ్మా, నాన్న వచ్చేస్తారమ్మా అన్నారు. అలా అంటూ వాళ్ళు నాకేసి చూడకుండా రోడ్డుకేసి చూస్తున్నారు. వాళ్ళు ఏం కాదన్న కొద్దీ నాకు ఏదో అయిపోయిందనే అనిపించింది. భోంపు ఆగాక అక్క నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. నేను అదే అడిగాను, నాన్న వస్తారా అని. ఆవిడ నా ఎదురుగా కింద కూర్చుని, నా కళ్ళల్లోకి చూసి చెప్పింది.

"నాకూ తెల్దమ్మడూ. తెలిసీదాకా మన పని మనం చేద్దాం."

నాకు కోపమొచ్చింది. అబద్ధమైనా చెప్పొచ్చుగా అనుకున్నాను. రాతిగుండె అని మనసులో తిట్టుకున్నాను. కానీ ఒకటి నిజం. ఆ మాట విన్నాకే నా భయం కొంచెం తగ్గింది. ఒక్క మనిషైనా నాతో నిజం మాట్లాడుతోంది.

అక్క గొయ్యి పడ్డ అంతస్తుని పారెయ్యలేదు. మళ్ళీ పొయ్యి వెలిగించి, ఉడికినంత ఉడికించి, ఆ గొయ్యి నిండా పోయడానికి తెల్ల బిళ్ళలు దంచమంది. దంచాను. రోకలి దెబ్బకీ దెబ్బకీ మధ్య చెవి బయటే. సైకిలు గంట వినిపిస్తే రోకలి పక్కన పడేసి గేటు దాకా పరిగెత్తడం, ఎవరో అయితే తిరిగి రావడం. అక్క ఒక్కసారి కూడా వెళ్ళొద్దనలేదు. నేను తిరిగొచ్చేసరికి నా చేతికి ఏదో ఒక పని సిద్ధంగా ఉండేది. మీగడ చిలుకు, పంచదార జల్లించు, నిమ్మతొనలు రంగుల వారీగా ఏరు. విసుగొచ్చేంత పని. ఆ విసుగులో ఎక్కడో కొన్ని క్షణాలు భయాన్ని మర్చిపోయేదాన్ని, గుర్తు రాగానే మళ్ళీ గేటుకేసి పరిగెత్తేదాన్ని.

అసలైన రెండింటి భోంపు మోగింది. వరసగా సైకిళ్ళు వచ్చాయి. మా వీధి మగవాళ్ళు ఒక్కొక్కరే ఎవరింటి ముందు వాళ్ళు దిగారు. నాన్న లేరు. వచ్చినవాళ్ళని అక్క అడిగింది. మా వైపు ఏమీ కాలేదు, కొలిమి వైపు సంగతి మాకు తెలియదు అన్నారు. ప్లాంటు చిన్నదేం కాదు, ఒక మూల జరిగింది ఇంకో మూలకి తెలియదు. నేను గేటు దగ్గరే కూలబడి ఏడ్చాను. అమ్మ లేదు, ఇప్పుడు నాన్న కూడా లేకపోతే నన్ను ఎవరు ఉంచుకుంటారు అనే ఆలోచన కూడా వచ్చేసింది. పిల్లల బుర్ర అంత దూరం పోతుంది. అక్క నన్ను ఎత్తుకుని లోపలికి తెచ్చింది. నేను ఎత్తుకునే వయసు పిల్లని కాదు. మూడో గిన్నె పొయ్యెక్కింది. గులాబీ వాసన వచ్చింది. నేను వాకిలి వైపు తిరిగి కూర్చున్నాను.

మూడు అంతస్తులూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, మీగడ పూసి, పెంకులు పేర్చే పనిలో ఉండగా ఎండ వాలిపోయింది. అప్పుడు గేటు చప్పుడయింది. నాన్న సైకిలు స్టాండు వేస్తున్నారు, వెనకే బావ. ఇద్దరూ మామూలుగా, మసి మొహాలతో, ఆకలి మీద ఉన్నారు. నేను నాన్న కాళ్ళకి చుట్టుకుపోయాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అయిందేమిటంటే, వేళకాని ఆ భోంపు ఉత్త ప్రాక్టీసు. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో కొలిమి వైపువాళ్ళ చేత అభ్యాసం చేయించారట. ఇక ఆలస్యానికి కారణం, వీళ్ళ తరవాత పనిలోకి దిగాల్సినవాళ్ళు వచ్చే పాసింజరు బండి లేటు. రిలీవరు రాకుండా కొలిమిని వదిలి కదలడానికి లేదు. అంతే సంగతి.

బావ నవ్వుతూ కేకు చూసి, అక్కతో, "ఏటే ఇది, మేడ కట్టీసినావా?" అన్నాడు.

అక్క కత్తి తీసుకుంది, నాకు ముక్క కొయ్యడానికి. కత్తి పళ్ళేనికి తగిలి టకటక కొట్టుకుంది. పొద్దున్నుంచీ గుడ్లు పగలగొట్టి, పొయ్యి వెలిగించి, కాలే గిన్నెలు దించిన చేతులవి. ఒక్కసారి కూడా వణకలేదు. ఇప్పుడు కేకు కొయ్యలేకపోతున్నాయి. కత్తి పడేసి బావ మీద విరుచుకుపడింది. "ఓ మనిషి చేత కబురెట్టడానికి ఏటయింది మీకు? నోరు పడిపోనాదా?" అని అరిచి, అక్కడే నేల మీద కూలబడి, పైట నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బావ నవ్వు ఆగిపోయింది. ఆయన కూడా కింద కూర్చుని ఆవిడ దువ్వని జుట్టు మీద చెయ్యి వేశాడు.

నేను నాన్న పక్కన నిలబడి చూస్తున్నాను. బావది నాన్న షిఫ్టేనని నాకు తెలుసు. రోజూ చూసేదాన్నే. కానీ ఆ మధ్యాహ్నమంతా ఒక్కసారైనా నాకది తట్టలేదు. నాకు నాన్న ఎంతో, అక్కకి బావ అంత. ఆవిడకి ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు కూడా. నా తల నిమిరినవాళ్ళు ఇంతమంది ఉన్నారు. ఆవిడ తల ఎవరూ నిమరలేదు. నేను ఏం చెయ్యాలో తెలియక, కత్తి తీసి, "అక్కా, నేను కోస్తాను, నువ్వు కూర్చో" అన్నాను. వంకరటింకరగా కోశాను. మొదటి ముక్క ఆవిడ నోట్లోనే పెట్టాను. కన్నీళ్ళతోనే తింది.

ఆ తరవాత నా జీవితంలోనూ ఆసుపత్రి వరండాలు వచ్చాయి, కబురు కోసం కాచుకుని కూర్చున్న పూటలు వచ్చాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు ఉంటారు, అందరికీ మంచినీళ్ళు తెచ్చేవాళ్ళు, ఏడ్చేవాళ్ళ భుజం పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఎంత గుండె నిబ్బరమో అని జనం వాళ్ళని మెచ్చుకుంటారు. నేను మాత్రం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని మెల్లిగా అడుగుతాను, "లోపల మీవాళ్ళెవరున్నారమ్మా?" అని.