బడి విడిచిన కారణం

తొమ్మిదో తరగతిలో దసరా సెలవుల తర్వాత సంక్రాంతి సెలవుల దాకా మా బడి అరవై ఒక్క రోజులు నడిచింది. అందులో మాకు లెక్కలు చెప్పింది మూడు రోజులు. అదీ హిందీ సారు. లెక్కల సారు బదిలీ అయ్యాక ఆయన కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ఆ పీరియడులో గైడు చూసి నోట్సు ఎక్కించుకోవడమే మా పని. బడికి నడక యాభై నిమిషాలు, తిరిగి రావడానికి ఇంకో యాభై. ఇవన్నీ నోటుబుక్కు చివరి పేజీలో గీతలు పెట్టుకున్నాను. వార్షిక పరీక్షలు కాగానే ఆ పేజీ మా నాయన ముందు పెట్టి, పదో తరగతి ఇంట్లోనే చదివి ప్రైవేటుగా పరీక్ష రాస్తానన్నాను.

ఆయన నాగర్‌కర్నూల్ మార్కెట్లో తూకాలు వేసేవాడు. సంతకం తప్ప మరో అక్షరం రాదు కానీ అంకెలంటే నమ్మకం. గీతలను వేలితో రెండుసార్లు లెక్కపెట్టి, "సరే, గట్లనే కానియ్" అన్నాడు.

ప్రైవేటుగా రాయాలంటే టీసీ కావాలి. బడులు తెరిచిన వారం, గుమాస్తా నా ఎదుటే కాగితం నింపాడు. 'బడి విడిచిన కారణం' అన్నచోట 'చదువు మానివేత' అని రాశాడు.

"సార్, నేను సదువు మానలే. బడి మాన్తున్న."

"రెండూ ఒకటే గదమ్మా."

"ఒకటెట్లయితయి సార్? ఇంట్ల కూసొని సదువుకుంట."

"ఇంట్ల సదువుకొనుడు అని రాసేటందుకు రూలు లేదు. తీస్కొని పో."

కాగితాన్ని ఆయన బల్ల మీదే వదిలి వచ్చాను.

పరీక్ష దరఖాస్తుకు ఇంకా ముప్పై ఎనిమిది రోజుల గడువుంది. టీసీ లేకపోతే ఆ ఏడు పరీక్ష లేనట్టే. 'మానివేత' అని ఉన్నంత మాత్రాన పరీక్షకేమీ అడ్డం రాదని తెలిసినవాళ్లంతా చెప్పారు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ తప్పని తెలిసిన జవాబును ఎలా ఒప్పుకునేది?

బోరింగు దగ్గర బిందె నింపుతుంటే పక్కింటి అత్త అడిగింది: "బడి బందు పెట్టినవంట గదనే పిల్లా. పిలగాడు ఏ ఊరోడు?"

"పేరు బీజగణితమత్తా. ఏ ఊరోడో నాకూ తెల్వదు. మస్తు సతాయిస్తుండు."

ఆమె నవ్వింది. ఆ సాయంత్రానికి నాకు సంబంధం కుదిరిందని ఊరంతా తెలిసిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక లెక్క దగ్గర నాలుగు రోజులు ఇరుక్కున్నాను. ఎన్నిసార్లు చేసినా నా జవాబు పుస్తకం వెనకున్న జవాబుతో కలవలేదు. అడుగుదామంటే ఇంట్లో ఎవరికీ రాదు. ఒకసారి ఏడ్చాను కూడా. ఐదో రోజు నా జవాబునే లెక్కలో పెట్టి వెనక నుంచి చేసుకొచ్చాను. సరిపోయింది. పుస్తకంలోనే తప్పు అచ్చయింది. ఇప్పుడు వనపర్తిలో ఇళ్ల ప్లాన్లు చూసి ఇటుక, ఇసుక ఎంత పడుతుందో లెక్కగట్టి చెప్పడం నా పని. అది నాకు ఎవరూ నేర్పలేదు. వెనక నుంచి సరిచూసుకోవడం మాత్రం ఆనాటి నుంచీ మానలేదు.

రెండోసారి బడికి పోతే గుమాస్తా తలెత్తకుండానే, "అదే కాగితం, అదే మాట" అన్నాడు. వట్టి చేతులతో తిరిగొచ్చాను.

ఇక రెండు రోజులే గడువుందనగా నాయన పని వదులుకొని నాతో వచ్చాడు. ఈసారి నేరుగా పెద్దసారు గదికే పోయాం. పెద్దసారు చెడ్డవాడేం కాదు.

"ఇంట్ల నీకు లెక్కలు ఎవరు చెప్తరమ్మా?" అని అడిగాడు.

"బళ్లె ఎవరు చెప్తుండ్రు సార్?"

నాయన నా మోచెయ్యి నొక్కాడు. పెద్దసారు కొత్త కాగితం తెప్పించి తానే నింపాడు. కారణం దగ్గర ఏం రాశాడో పైకి చదివాడు: "తండ్రి కోరిక మేరకు. ఇది అందరికీ రాసేదే. ఇగో, ఇక్కడ సంతకం పెట్టు."

అంతకు ముందు ఏడు మా బళ్లో ఇద్దరు ఆడపిల్లల టీసీల మీద ఇదే మాట. ఇద్దరి పెళ్లిళ్లకూ మేం పోయి భోంచేసి వచ్చాం. అయినా, నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నేను తల వంచేశాను. రెండు రోజుల్లో ఇంకేం పోట్లాడతాను?

నాయన పెన్ను పట్టుకున్నాడు గానీ సంతకం పెట్టలేదు. "ఇంగొక్కసారి సదువున్రి సార్" అన్నాడు. పెద్దసారు చదివాడు.

"నేను కోరలే సార్."

"ఏందయ్యా?"

"కోరింది ఈ పిల్ల. నేను సరే అన్న, గంతే. పిల్ల కోరిందనే రాయున్రి."

"ఆడపిల్ల కోరిందని రాస్తే రేపు పైవాళ్లు నన్ను అడుగుతరు."

"అడిగితే నన్ను పిలువున్రి. వస్త. సంతకం ఏంది, ఏలిముద్ర గూడ ఏస్త."

పెద్దసారు మూడో కాగితం తీశాడు. 'విద్యార్థిని కోరిక మేరకు' అని రాశాడు. గుమాస్తా సణుగుతూనే ముద్ర వేశాడు. నాయన నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టాడు.

దరఖాస్తు మర్నాడే ఇచ్చేశాం. బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయన అడిగాడు: "ఇగ తప్పితే ఎవరి మీద పెడ్తవే?"

"నా మీదనే."

పరీక్ష రాశాను. లెక్కల్లో తొంభై ఒకటి, సాంఘికంలో నలభై. రెండూ నా మీదే వేసుకున్నాను.