ఊపిరాడని జీపు

తీరానికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. తుపాను ముందురోజే తీరం దాటింది కానీ గాలి తగ్గలేదు. వాన అడ్డంగా కొడుతోంది. మా దగ్గర ఒక లారీ, ఒక పెట్రోలు జీపు, రెండు రబ్బరు పడవలు, తాళ్ళు, ఒక వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. చిల్లకూరు నుంచి సముద్రం వైపు రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడుంది మేం చేరిన బెస్తపల్లె. దాని తుపాను షెల్టర్లో మకాం వేశాం. దారికి ఒక పక్క రొయ్యల గుంటలు, ఇంకో పక్క సర్వి చెట్ల తోపు. ఆరోజు ఏది గుంటో ఏది రోడ్డో డ్రైవరుకే కాదు, దేవుడికీ తెలియదు.

నేను సైన్యం పంపిన సహాయ దళంలో బండ్ల మెకానిక్‌ని. పుట్టింది మనుబోలు దగ్గర. ఎడారిలో చేశాను, మంచులో చేశాను. సొంత జిల్లాలో డ్యూటీ పడిందని ఎగిరి గంతేశాను. ఆ సంబరం ఒక్క పూటలో తీరిపోయింది.

మర్నాడు పొద్దున ఆరింటికి సుబేదారు సాబ్ ఆర్డరు వేశారు. ఆయనది మదరాసు వైపు, తెలుగు బాగానే వచ్చు. ఊళ్ళో చెంగయ్య అని కిడ్నీ జబ్బు మనిషి ఉన్నాడు. డయాలసిస్‌కి నెల్లూరు పోవాల్సిన రోజు తుపానులో పోయింది. ఒళ్ళంతా ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడదు. అంబులెన్సు హైవే దాటి లోపలికి రాలేదు, చిల్లకూరు దగ్గర ఆగుతుంది. మధ్యలో కాలవ మీది చప్టా పగిలింది కాబట్టి లారీ దాటదు. జీపులోనే తీసుకెళ్ళాలి.

"ఎనిమిదికల్లా అప్పగించాలి. ఆలస్యమైతే వాళ్ళు ఇంకో కేసుకి పోతారు," అన్నారు సాబ్.

చెంగయ్యని వెనక బెంచీ మీద కూర్చోబెట్టాం. ఆయన భార్య పోలమ్మ పక్కన కూర్చుంది. ఆమె ఎదురుగా నేను, ముందు డ్రైవరూ, వైర్‌లెస్ ఆపరేటరూ.

"ఒంట్లో నీళ్ళు నిండినాయి సారూ," అన్నాడు చెంగయ్య, మాటకీ మాటకీ మధ్య ఆగి. "పడవలో నీళ్ళు తోడినట్టు తోడాల. లేకుంటే మునగడమే."

బయల్దేరిన కాసేపటికి ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

నడిచే బండి ఆగడానికి నాకు తెలిసినవి రెండే కారణాలు: నిప్పు అందకపోవాలి, లేదా పెట్రోలు అందకపోవాలి. ప్లగ్గు తీసి చూశాను. నీలం నిప్పు టకటకమని కొట్టింది. సరే, తప్పు పెట్రోలుది. ఫిల్టరు ఊదాను, శుభ్రంగా ఉంది. పంపు దగ్గర పైపు పీకాను, చుక్క రాలేదు. పంపే దొంగ అనుకుని రెంచితో నాలుగు తగిలించాను. స్టార్టయింది!

"చూశావా? దెబ్బకి దెయ్యం దిగింది," అన్నాను డ్రైవరుతో, మీసం దువ్వుకుంటూ.

చప్టా దాటగానే మళ్ళీ ఆగింది.

ఈసారి ఎన్ని తగిలించినా పంపు కదల్లేదు. పైగా బండి ఆగితే చాలు, మనవాళ్ళకి ఎక్కడలేని విద్యలూ వస్తాయి. గుంటల కాపలాదారు ఒకడు గొడుగేసుకుని వచ్చి, "ఇంజన్లోకి నీళ్ళు పోయుంటయ్యన్నా," అన్నాడు. వాడి వెనకే వచ్చిన పెద్దాయన, "బయల్దేరేటప్పుడు నిమ్మకాయ తొక్కించినారా లేదా?" అని నిలదీశాడు. నా ఒళ్ళు మండింది. "తాతా, ముందు నిన్ను తొక్కిస్తా, పక్కకి జరుగు," అన్నాను. డ్రైవరు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

సెట్టులో సాబ్ గొంతు వినిపించింది. "జీపు ఎక్కడుంది? ఓవర్."

"ఉన్నచోటే ఉంది సాబ్. ఓవర్," అన్నాడు ఆపరేటరు.

"అంబులెన్సు వాళ్ళు తొందరపడుతున్నారు. ఓవర్."

నాకు మాత్రం తొందర లేదా? వెనక చెంగయ్య మోకాళ్ళ మీదికి వంగి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. పోలమ్మ అతని వీపు నిమురుతూ నావైపే చూస్తోంది. ఆ చూపు తప్పించుకుని మళ్ళీ పంపు మీదికి వంగాను.

కాసేపాగి సెల్ఫ్ కొడితే, ఏ పాపం ఎరగనట్టు స్టార్టయింది. కొంతదూరం నడిచి మూడోసారి ఆగింది. టూల్ బ్యాగుని నేలకేసి కొట్టాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ బండీ నన్ను ఇంత ఏడిపించలేదు.

"పెట్రోలే లేదేమో అన్నా. మీటరు ముల్లు ఎప్పుడో చచ్చింది గదా," అన్నాడు డ్రైవరు.

పుల్ల ముంచి చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. పుల్ల సగందాకా తడిసింది. పెట్రోలు ఉంది. సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజన్ వెంటనే అందుకుంది.

అప్పుడు మూత తిరగేసి చూశాను. దానికి సన్నటి బెజ్జం ఒకటుంటుంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి పోవాలి. పోకపోతే ట్యాంకు బిగుసుకుపోయి పెట్రోలు వదలదు. బండి ఆగాక ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరితే మళ్ళీ నడుస్తుంది. ఆ బెజ్జం నిండా ఎవరో తెల్లటి లప్పం కూరారు. ఫైబరు పడవల చిల్లులు పూడ్చే లప్పం. రాయిలా గట్టిపడింది. సూది కూడా దిగలేదు.

"ఏ వెధవరా ఈ పని చేసింది?" అని అరిచాను.

"నేనే నాయనా," అంది పోలమ్మ.

డ్రైవరు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"రాత్రి మీ సాబు చెప్పినారు గదా, పొద్దన్నే తీసకపోతామని. బండి వానలో నానతా ఉన్నింది. చూస్తే మూతకి చిల్లు. నీళ్ళు దిగితే దోవలో ఆగిపోద్దే, ఈయన గతేందని పూడ్చినా. చిల్లు కనపడితే ఎట్ట వదిలేది నాయనా? మాకు చిల్లంటే మునకే గదా."

నాకు కోపం తగ్గలేదు. తగ్గిందని అబద్ధం చెప్పను. "అమ్మా, నీకు దణ్ణం పెడతా. బండి కూడా ఊపిరి పీల్చుకోవాల తల్లీ!" అన్నాను. ఆమె భర్త మొహంలోకి చూసింది. తర్వాత మూత వైపు చూసింది. అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూత వదులుగా పెట్టి బయల్దేరాం. రెండు గుంతలు దాటామో లేదో, అది ఎగిరి పక్క కాలవలో పడింది. ఇహ నా అదృష్టం గురించి చెప్పాలా? వాన కుండపోత. తెరిచిన ట్యాంకులోకి నీళ్ళు దిగితే ఇంజన్ పూర్తిగా చస్తుంది. ప్లాస్టిక్ కవరు కడితే మళ్ళీ గాలాడదు. గుడ్డ పెడితే నాని కారుతుంది.

ట్యాంకు నోరు పోలమ్మ కూర్చున్న వైపే, బాడీకి బయట ఉంది. నేను తల పట్టుకుని ఉండగానే ఆమె టార్పాలిన్ ఎత్తి, నడుం దాకా బయటికి వంగింది. అరచెయ్యి దొప్పలా వంచి ట్యాంకు నోటి మీద బోర్లించింది. నోటికి ఆనించలేదు. గాలి పోయేంత సందు వదిలింది.

"పోనీండయ్యా," అంది.

ఆమె పడిపోకుండా నేను రెండో రెక్క పట్టుకున్నాను. జీపు గుంతలో పడినప్పుడల్లా పెట్రోలు చింది ఆమె చేతిమీద పడుతోంది. వాన మొహం మీద కొడుతోంది. చెయ్యి మాత్రం జరగలేదు. ఇంజన్ ఇంకెక్కడా ఆగలేదు.

అంబులెన్సు తిరగబోతుంటే అడ్డంగా పోయి ఆపాం. చెంగయ్యని స్ట్రెచర్ మీద ఎక్కించారు, ముక్కుకి గాలి పెట్టారు. అది వెంకటాచలం మీదుగా నెల్లూరు పోయింది. మనిషిని మిషన్ మీద పెట్టారనీ, ప్రాణానికి ఫర్వాలేదనీ సాయంత్రం సెట్టులో చెప్పారు. ఆపరేటరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. డ్రైవరు చూడకుండా బానెట్ ఎత్తి లోపలికి తల పెట్టాను.

వరద నీళ్ళు తీశాక యూనిట్‌కి తిరిగి వెళ్ళిపోయాం. తర్వాత రిటైరై ఇంటికి వచ్చేశాను. సర్వీసులో ఏం చూశావని పిల్లలు అడుగుతారు. మంచుకొండలు చెప్తాను, ఎడారి చెప్తాను. కళ్ళు మూసుకుంటే మాత్రం కనపడేది చిల్లకూరు దగ్గర ఆ అంబులెన్సు. స్ట్రెచర్ వెంట పరిగెత్తుతున్న పోలమ్మ. వేళ్ళు కొయ్యబారిపోయాయి, చాపుదామన్నా రావడం లేదు. ఆ చెయ్యి అట్లాగే దొప్పలా వంగి, భర్త మొహం మీద వాన పడకుండా అడ్డం పడుతోంది.