కాళ్ల కింద టేకు

స్వరాజ్యానికి ఎడమ చెవి వినపడదు. పుట్టుకతో వచ్చిన లోపం కాదు, మొగుడి అన్న బుచ్చిరాములు పెట్టిన వరం. తమ్ముడు చనిపోయిన ఏడాదికే ఇల్లు ఖాళీ చెయ్యమని మీదికొచ్చాడు ఆ మహానుభావుడు. ఆమె చెయ్యనంది. ఒకరోజు అంట్లు తోముకుంటుంటే వెనక నుంచి వచ్చి పార కామ కర్రతో చెవి మీద కొట్టాడు. షాబాద్ బండల మీద రక్తం కాలువ కట్టింది. పెద్దమనుషులు ఇంటి పంచాయితీ అని నవ్వి ఊరుకున్నారు. వాళ్ల చెవులు బాగానే ఉన్నాయి మరి.

అప్పటినుంచి ఆమెకు ఒకటే భయం. వెనక నుంచి ఎవరైనా మెల్లగా వస్తే మిగిలిన ఒక్క చెవికి తెలియదు. బండల మీద ఎవరు నడిచినా ఆ అదురు ఒంటికి చేరదు. చావంటే భయపడే మనిషి కాదు గానీ, వీపు వెనక నుంచి వచ్చే చావంటే ఆమెకు అసహ్యం.

కొండపాకలో తండ్రి పాతిల్లు కూలగొట్టినప్పుడు టేకు పలకలన్నీ ట్రాలీ ఆటోలో సిద్దిపేటలోని తన ఇంటికి తెచ్చుకుంది. తండ్రి వడ్రంగి. ఆయన రంపం, చిత్రిక పట్టే రందా, ఉలి, సుత్తె కూడా తెచ్చుకుంది. బండల మీద అడ్డకర్రలు పరిచి, వాటి మీద పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా చెక్కి, మేకులు దిగ్గొట్టడం మొదలుపెట్టింది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ప్రతి మేకు తలలోనూ బావ మొహమే కనిపించేది. అందుకే ఒక్క దెబ్బా గురి తప్పలేదు.

పక్కింటి హుస్నాబీ ముక్కున వేలేసుకుంది. “అరే స్వరాజ్యమక్కా, టేకుతోని తలుపులు చేపిస్తరు గానీ కాళ్ల కింద ఏస్తరా? అరిగిపోదా?”

“నువ్వు గడపకాడికి పోయి, సప్పుడు చెయ్యకుంట నా దిక్కు రా,” అంది స్వరాజ్యం, గోడవైపు తిరిగి కూర్చుంటూ.

హుస్నాబీ పిల్లిలా నడిచింది. రెండడుగులు వేసిందో లేదో, పలకల అదురు స్వరాజ్యం మోకాళ్లకు తగిలింది.

“చెప్పులు ఇడిసి వస్తున్నవ్. కుడికాలు గట్టిగ ఏస్తున్నవ్.”

ఈ నేల ఎందుకో హుస్నాబీకి అప్పుడర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక మధ్యాహ్నం, చివరి పలకకు రందా కొడుతుండగా మోకాళ్ల కింద టేకు అదిరింది. బరువైన అడుగు. హుస్నాబీది కాదు. ఆగింది, మళ్లీ పడింది. స్వరాజ్యం తల తిప్పలేదు. రందా వదిలి సుత్తె అందుకుంది.

వెనక అడుగు ఆగగానే పక్కకు దొర్లింది. వెనక నుంచి దిగిన పార కామ నేలకు తగిలి విరిగింది. బుచ్చిరాములు మోకాలిచిప్ప మీద సుత్తెతో ఒక్కటిచ్చింది. వాడు కూలబడుతూనే ఆమె జుట్టు పట్టి ముఖాన్ని పలకలకేసి బాదాడు. ముక్కు చిట్లింది, పన్ను ఊడింది.

“ఇల్లు ఇడుస్తవా, సస్తవా?” అని అరుస్తున్నాడు.

జుట్టు పట్టిన ఆ మణికట్టు మీదే సుత్తె దించింది. ఎముక విరిగిన చప్పుడు కుడిచెవికి శుభ్రంగా వినిపించింది. ఆమెకు జాలి కలగలేదు, సంతోషమే కలిగింది. మళ్లీ కొట్టింది.

దెబ్బకు దెయ్యమైనా దిగుతుందంటారు. బావ దిగాడు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా గడపవైపు పాక్కుంటూ పోయాడు. ఆ అదురు గడప దాటి ఆగిపోయేదాకా ఆమె పలకల మీద అరచేయి ఆనించి అలాగే ఉంది.

తర్వాత చివరి పలక పెట్టి మేకు కొట్టింది. నెత్తురుకు సుత్తె చేతిలో జారుతోంది. వెనక పలకలు సన్నగా అదిరాయి.

“రా హుస్నాబీ,” అంది, తల తిప్పకుండానే.

హుస్నాబీ గబగబా దగ్గరికొచ్చి ఆ ముఖం చూసి గొల్లుమంది. “యా అల్లా! వాడు మళ్లొస్తడక్కా!”

“రానియ్యి,” అంది స్వరాజ్యం. “వస్తే నాకు ఎరుకైతది.”