తెలిపారా మేడ మీద మా బావ మొదటి గ్లాసు

విజయనగరంలో రాత్రి రైలెక్కినప్పుడు నా సంచిలో అక్కకి రెండు కేజీల మామిడి తాండ్ర, బావకి కొత్త చొక్కా ఉన్నాయి. వాటితో పాటు ఇరవై ఆరేళ్ళ నాటి మాటొకటి కూడా మోసుకెళ్తున్నాను.

మా బావ సత్యం బిలాస్‌పూర్‌లో రైలింజను డ్రైవరు. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన కొత్తలో అక్కడికి వెళ్ళి ఆయన్ని పార్టీకి పిలిచాను. "రేపు డ్యూటీరా. రిటైరయ్యాక మొదటి గ్లాసు నీతోనే తాగుతాను" అన్నాడు. తరవాత ఎప్పుడు వెళ్ళినా అదే జవాబు. డ్యూటీ ఎక్కే ప్రతిసారీ డ్రైవర్లు తాగారో లేదో చూసే మిషను ఊదాలి. మా బావ ఆ మిషనుకి ఒక్కరోజు కూడా పని కల్పించలేదు. రెండు నెలల క్రితం రిటైరయ్యాడు. ఇక ఏ సాకు చెప్తాడో చూద్దామని బయల్దేరాను.

ఎదురు బెర్తులో పార్వతీపురం నుంచి రాయపూర్ వెళ్తున్న పెద్దావిడ ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "బిలాస్‌పూర్లో చూడ్డానికి ఏటుంది బాబూ?" అని అడిగింది. మేడ మీద బారుంది, మా బావని తీసుకెళ్తున్నానన్నాను. ఆవిడ జాడీని కిటికీ వైపుకి జరుపుకుంది.

పొద్దున్న పదిన్నరకి దిగాను. నా పెట్టె తలుపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే బావ నిలబడి ఉన్నాడు. ఆటోలో తోర్వా అనే పేటకి చేరాం. రైల్వే క్వార్టరు ఖాళీ చేశాక అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ముందు గదిలో గోడ మీద కొత్త మేకొకటి ఉత్తినే కనిపించింది. దేనికని అడిగాను.

"మీ బావ ఫొటోకిరా" అంది అక్క. "ఆఖరి డ్యూటీ నాడు దండలట్టుకుని అందరం స్టేషన్లో నిలబడ్డాం. ఈయన్నేమో డ్యూటీ గంటలు నిండిపోయాయని దారిలోనే దింపీసి, ఆ బొగ్గు బండి ఇంకొకరికి ఇచ్చీసారు. వానలో తడిసి బస్సులో వచ్చీసారు. ముప్ఫై నాలుగేళ్ళు ఇంజను తోలిన మనిషికి ఇంజను పక్కన ఒక్క ఫొటో లేదు. మేకు మాత్రం ముందే కొట్టీసారు."

ఆ మేకుకి రేపు మోక్షమట. నేను తిరిగి వెళ్ళే రైలుకి డ్యూటీ రాజేష్‌ది. బావ దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకున్న కుర్రాడు. రైలు ఆగిన కాసేపట్లో ఇంజను పక్కన నిలబెట్టి ఫొటో తీస్తానని మాటిచ్చాడు. బావ అప్పటికే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నేను తెచ్చినది పెట్టెలోకి పోయింది.

సాయంత్రం ఏడింటికి తెలిపారా అనే చోటికి బయల్దేరాం. స్కూటరుందిగా అంటే, "తాగడానికి వెళ్తూ బండి తీస్తారేటిరా?" అని బావ నన్నే కసిరాడు. ఆటోకి నూట ఇరవై. తెలిపారా పాత పేట. సందులు ఇరుకు, బట్టల కొట్లు, వాటి మధ్య చెక్క వసారాలున్న పాత ఇళ్ళు. మనం వెళ్ళవలసిన మేడకి లిఫ్టు మూడో అంతస్తు దాకానే ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గమనించాలి, అక్కణ్ణించి ఇరవై రెండు మెట్లు.

పైన గుమ్మం దగ్గర గార్డు జేబులు తనిఖీ చేసే నల్లటి పరికరాన్ని బావ గుండెల దాకా ఎత్తాడు. బావ అలవాటుగా ఆగి, కొంచెం వంగి, ఊపిరి పీల్చి దాని మీద బలంగా ఊదాడు.

"అంకుల్, ఇది ఊదేది కాదు" అన్నాడు గార్డు హిందీలో, కంగారుగా.

"అచ్ఛా" అని బావ తల ఊపాడు. "అయినా చూడు, ఏమీ ఉండదు." నేను గోడ పట్టుకుని నవ్వాను. ఆయన నా వైపు చూడకుండానే పిట్టగోడ పక్క టేబిలు వెతుక్కుని కూర్చున్నాడు.

కింద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన చీరలు, దూరంగా స్టేషను దీపాల వరస. చూడ్డానికి బాగుంది. పాటలు మాత్రం చెవులు చిల్లులుపడేలా పెట్టారు. మెనూ ఫోనులో చూసుకోవాలన్నారు. బావ కాగితం అడిగి తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బండి తియ్యబోయే ముందు ఇచ్చే సూచనల్లాగ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పనీర్ టిక్కా, వేయించిన పల్లీలు, రెండు బీర్లు చెప్పాం.

గ్లాసులు వచ్చాయి. బావ గ్లాసు చుట్టూ చెయ్యి వేశాడు గానీ ఎత్తలేదు.

"రేపు నీ బండి ఎన్నింటికిరా?"

"సాయంత్రం ఆరూ పావుకి."

వాచీ చూసుకున్నాడు. నేనూ చూశాను, ఎనిమిదీ పావు. చాలాసేపు అలాగే చూస్తుంటే ఊరుకోలేక, "ముహూర్తం కుదిరిందా బావా?" అన్నాను.

ఆయన నా మొహం చూసి నవ్వాడు. "కుదిరిందిలే" అని ఎత్తి గుటక వేశాడు. వెంటనే మొహమంతా ముడుచుకుపోయింది. "ఏటిరా ఇది, కాకరకాయ ఉడకబెట్టిన నీళ్ళలాగుంది! దీని కోసమా ఇన్నాళ్ళూ నన్ను పీక్కుతిన్నావు?" అన్నాడు. కానీ పారబోయలేదు, ఆ గ్లాసు మొత్తం తాగాడు. పల్లీలు కూడా ఆయనే పూర్తి చేశాడు. నాకు పట్టరాని సంతోషం వేసింది.

తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చాం. తలుపు తీసిన అక్క ఎదురుగా నిలబడి, అడగకుండానే బావ "హా" అని ఊదాడు. అక్క ముక్కు మూసుకుని, "సంబడం, లోపలికి రండి" అంది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి ముందే ముగ్గురం ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. బావ చొక్కా తళతళలాడుతోంది. రైలు వచ్చి ఆగింది. రాజేష్ ఇంజను దిగి ఫోను పట్టుకుని పిలిచాడు. "గురూజీ, జల్దీ రండి, టైం లేదు!"

బావ నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. దూరం నుంచే దణ్ణం పెట్టి, "ఇవాళ కాదు బేటా" అన్నాడు.

"ఇప్పుడు సిగ్గేటి మీకు?" అంది అక్క.

బావ నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "తాగి ఇరవై నాలుగ్గంటలు కాకుండా ఇంజనుని ముట్టుకోనురా. రైల్వే రూలు వేరు, ఇది నా రూలు. ఇంకా రెండు గంటలుంది."

నిన్న ఆయన వాచీలో ఏం చూశాడో అప్పుడు తెలిసింది. ముహూర్తమని వెక్కిరించిన నోటితో, "మరి నిన్న చెప్పొచ్చు కదా బావా!" అన్నాను.

"చెప్తే నువ్వు తాగనిస్తావేటి?"

నాకు సిగ్గేసింది. ఆయన రెండు నెలలుగా ఎదురుచూస్తున్న ఫొటోని నేను ఒక్క గ్లాసుతో మింగేశాను. రైలు కదిలితే ఎక్కేశాను. బావ ప్లాట్‌ఫారం మీద చెయ్యెత్తి నిలబడ్డాడు. ముందు నుంచి రాజేష్ కొట్టిన హారను మామూలుకన్నా పొడుగ్గా వినిపించింది.

ఈ యాత్ర చెయ్యదలచిన వాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఆ మేడ మంచిది, గాలి మంచిది, పల్లీలు మరీ మంచివి. ఏడింటికల్లా వెళ్తే పిట్టగోడ పక్క చోటు దొరుకుతుంది. తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళండి, ఇంజను డ్రైవరుని మాత్రం ఆయన గంటల లెక్క అడగకుండా తీసుకెళ్ళకండి.

రాయపూర్‌లో సమోసా కొనుక్కుని కూర్చునేసరికి అక్క ఫోను నుంచి ఫొటో వచ్చింది. ఏదో బొగ్గు గూడ్సు ఇంజను, దాని పక్కన తెల్ల చొక్కాలో బావ. అక్క తీసిన తీరుకి నెత్తి సగం తెగిపోయింది. అరచెయ్యి మాత్రం ఇంజను మీద పూర్తిగా ఆనించి ఉంది. టైము చూశాను, ఎనిమిదీ పదిహేడు.

వెంటనే ఫోను చేశాను. "రెండు గంటలు నన్ను బెంచీ మీద కూకోబెట్టీసారురా!" అని అక్క గోల పెట్టింది. బావ ఫోను లాక్కున్నాడు.

"నా కోసం నువ్వు ఇరవై ఆరేళ్ళు ఆగావు" అన్నాడు. "నేను రెండు గంటలు ఆగలేనేటిరా?"