పందెం మధ్యలో సైకిలు దిగాను

ఈ రోజు పొద్దున దేవనహళ్ళి దాకా వెళ్ళి వచ్చే సైకిలు పందెంలో తొక్కాను. ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి, ఎవరికెంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకుంటారు. యుద్ధం వల్ల కొత్తవి దొరక్క అందరివీ అతుకుల టైర్లే. అయినా తిరుగుదారిలో, నాకంటే ముందు బయలుదేరిన ఇద్దరిని దాటేశాను. అంతలో చిన్నప్పుడు చదువు చెప్పిన అయ్యవారు ఎదురుగా నడిచి వస్తూ కనిపించారు. ఆయన ముందు తొక్కుకుంటూ పోతామా! దిగి నమస్కారం పెట్టాను.

“ఏమప్పా, చెమటలో తడిసిపోయుండావు, యాడికి పోయింటివి?”

“దేవనహళ్ళి దాకా పోయొస్తా ఉండా, అయ్యవారూ.” పందెమని చెప్పడానికి నోరు రాలేదు.

“మెల్లిగా పో అప్పా, తొందరేముండాది?”

ఆయన మలుపు తిరిగేదాకా మళ్ళీ ఎక్కలేదు. నా వెనక వచ్చినవాడూ దిగాడట, వాడూ ఆయన శిష్యుడే. గెలిచినవాడు వేరే బడిలో చదివాడు.

మీరైతే దిగేవారా? జవాబు చెప్పేముందు మీ అయ్యవారిని ఒకసారి తలుచుకోండి.