వణికే అద్దం

కోకాపేటలో క్యాబ్ ఎక్కుతుంటే డ్రైవర్ మల్లేశం, "ముందట కూసో సార్" అన్నాడు. మా విశాఖలో ఏ డ్రైవరూ నన్ను ముందు సీట్లోకి పిలవలేదు. నేను వెనకే కూర్చున్నాను.

వెనక సీటు కనిపించేలా డ్రైవర్ ముందు బిగించిన లోపలి అద్దం ఒకటే వణుకు. చూస్తుంటే కళ్లు తిరిగాయి. మదీనాగూడ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముందుకు వంగి, జేబులో ఉన్న పాత బస్సు టికెట్టు మడిచి అద్దం వెనక సందులో దోపాను. వణుకు ఆగింది. పెద్ద మెకానిక్కులా మురిసిపోయాను.

మల్లేశం అద్దంలోకి చూసి ముఖం తిప్పుకున్నాడు.

"జర తీసెయ్ సార్. మా ఇంటామెను దవాఖానకు తీస్కపోతుంటె గీడనే ట్రాఫిక్‌ల ఇరుక్కున్నం. నువ్వు కూసున్న సీట్లనే పానం పోయింది. అద్దంల సూస్తనే ఉన్న. అది వణికితెనే నాకు నయం, ఎనక సీటు సాఫ్ కనవడదు."

టికెట్టు లాగేశాను. అద్దంలో నా ముఖం చెదిరిపోయాక బండి కదిలించాడు.