రైఫిలుకు దిష్టి చుక్క

ఆ రోజుల్లో లోకాన్ని చిన్న కన్నంలోంచి చూడటం నాకు అలవాటు. కరెంటాఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాని, వయసు ఇరవై నాలుగు. ఫైలులో పెట్టే కాగితాలకు మిషనుతో రెండేసి కన్నాలు కొట్టడం ప్రభుత్వం నాకు అప్పగించిన మొదటి బాధ్యత. కొట్టిన ప్రతి కాగితాన్నీ ఎత్తి పట్టుకుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అందులోంచి బయటికి చూసేదాన్ని. ఎదురింటి పిట్టగోడ మీద కాకి, ఆరేసిన చీర అంచు, వీధి చివర ఒక ముక్క సముద్రం. కన్నంలోంచి చూస్తే ఏదైనా అందంగానే ఉంటుంది, మా హెడ్ గుమాస్తాతో సహా. ఆయన మాత్రం నేను కన్ను కొడుతున్నానేమోనని రెండు రోజులు సతమతమై, మూడో రోజు నా బల్లను గోడవైపు తిప్పించేశాడు. అప్పటి నుంచి గోడను చూసేదాన్ని. అదీ బాగానే ఉండేది.

ఈ జబ్బు నాకు కాలేజీలో ఎన్‌సీసీ వాళ్ళు అంటించారు. బోర్లా పడుకోబెట్టి చేతికి రైఫిలు ఇచ్చి, 'అదుగో అట్ట, కాల్చు' అన్నారు. పాయింట్ ట్వంటీటూ అని, చాలా చిన్న తూటా పట్టే రైఫిలు అది. సినిమాల్లోలాగా ఢామ్మని మోగదు. బాదంకాయ రాలినట్టు టప్పుమంటుంది, అంతే. ఆ టప్పుకు ముందుండే ఒక్క క్షణం నిశ్శబ్దం నాకు నచ్చింది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే నేను ఆ నిశ్శబ్దం కోసం ఉద్యోగం రాగానే రైఫిల్ క్లబ్బులో చేరాను.

గురి కాల్చే చోటు, క్లబ్బు రేంజి, ఊరవతల కాలాపేట దాటాక, సరుగుడు తోపు వెనక ఉండేది. అక్కడ నేర్పే ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చినవాడు, చిత్తూరు పక్క మనిషి. అందరికీ సుబేదారు మామ. పెద్ద పోటీలకు వెళ్ళే క్లబ్బు జట్టులో ఆడవాళ్ళకు ఒకే ఒక చోటు ఉండేది. రెండేళ్ళుగా ఆ చోటు కోసం ప్రయత్నించి రెండేళ్ళూ తప్పాను. రైఫిలు వెనక కంటి దగ్గర ఒక చిన్న కన్నం ఉంటుంది. ముందు, గొట్టం చివర, ఒక గాజు బిళ్ళ మీద సన్నటి వలయం గీసి ఉంటుంది. వెనక కన్నంలోంచి చూస్తూ, దూరాన అట్ట మీదున్న గుండ్రటి నల్ల మచ్చను ఆ వలయం మధ్యకు తెచ్చి కాల్చాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఆ నల్ల మచ్చ వలయంలోకి వచ్చిందంటే చాలు, మళ్ళీ పారిపోతుందేమోనని నేను ఆత్రంగా ట్రిగ్గర్ లాగేసేదాన్ని. గుండు ఎటో పోయేది. తప్పంతా క్లబ్బు రైఫిలుదని నా వాదన. పదిమంది చేతులు మారే వస్తువు, పొద్దున ఒకరి కంటికి సరిచేసుకుంటే మధ్యాహ్నం ఇంకొకరి కంటికి. నాకంటూ ఒకటి ఉంటే నా సంగతి చూపించేదాన్ని. (ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మా నాయన అనేవాడు. ఆయన మిల్లులో మగ్గాల దగ్గర చేసినవాడు, పనిముట్టును తిడితే ఒప్పుకునేవాడు కాదు.)

మూడో ఏడు నా పంట పండింది. క్లబ్బులో పాత సభ్యుడైన ఒక డాక్టరుగారు తన రైఫిలు అమ్మేస్తానన్నారు. లైసెన్సు కోసం పోలీసాయన మా ఇంటికి విచారణకు వచ్చాడు. మా అవ్వ ఆయనకు కాఫీ ఇచ్చి, 'ఈ పాప బల్లిని చూస్తేనే అరుస్తాది సారూ, తుపాకీ ఏం పేలుస్తాది' అని వాపోయింది. నా మంచితనానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఆయనకు ఎక్కడా దొరికి ఉండదు. కాగితం వచ్చేసింది.

డాక్టరుగారి ఇల్లు సముద్రానికి దగ్గర, తెల్లగోడల వీధిలో. ఆయన రైఫిలును మెత్తటి గుడ్డతో తుడిచి, ఆఖరిసారి భుజానికి ఆనించుకుని కిటికీలోంచి చూశారు. చాలాసేపు చూశారు. "కళ్ళు మసకలైపోయినాయి. ఇప్పుడు నాకు రెండు మచ్చలు కనిపిస్తా ఉండాయి. ఏది నిజమో అడగడానికి ఎవురూ లేరు" అని నవ్వి నా చేతికిచ్చారు. నల్ల అక్రోటు కర్ర, చెంప ఆనే చోట ఆయన చెంపకు అరిగి నున్నగా ఉంది. నేనూ అక్కడ చెంప ఆనించాను. కిటికీ అవతల సముద్రం ఒక రూపాయి బిళ్ళంత అయి, వలయం మధ్యకు వచ్చి కూర్చుంది. ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకు గుర్తు లేదు.

ఇంట్లో అవ్వ పొడుగాటి పెట్టెను చూసి, "ఏంది పాపా అది, వీణా?" అంది.

"తుపాకీ అవ్వా. చెప్పినాను గదా."

"వీధిలో ఎవురన్నా అడిగితే వీణ అనే చెప్పు" అంది. చెప్పనవసరం లేకపోయింది. అరగంటలో వీధి చివరిదాకా నేను వీణ నేర్చుకుంటున్నానని ఆమే చెప్పి వచ్చింది.

తెల్లవారితే ఆదివారం, జట్టు ఎంపిక. కొత్త సామాను పూజ లేకుండా గడప దాటడం మా ఇంట్లో జరగదు. మిక్సీకి చేశాం, నాయన సైకిలుకు చేశాం, నా కన్నాల మిషను ఇంటికి తెచ్చి ఉంటే దానికీ చేసేవాళ్ళం. రైఫిలును పీట మీద పెట్టి కర్ర భాగానికి పసుపు, కుంకుమ రాశారు. ఆ తర్వాత అవ్వకు చిక్కు వచ్చింది.

"బండికైతే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. దీనికి చక్రం యాడుండాది?"

"పడుకుని కాల్చేదానికి చక్రాలెందుకుమ్మా" అన్నాడు నాయన. చివరికి నిమ్మకాయను దాని మడమ కింద, అంటే భుజానికి ఆనే వెడల్పాటి చివర కింద పెట్టి నన్ను అదమమన్నారు. అదిమాను. రసం చివ్వున లేచి నాయన కంట్లో పడింది. శుభమంది అవ్వ.

మర్నాడు పొద్దున పెట్టె మూత తెరిచిపెట్టి స్నానానికి వెళ్ళాను. (తూటాలు క్లబ్బులోనే ఉంటాయి, కంగారు పడకండి.) వచ్చేసరికి పెట్టె మూసి ఉంది. అవ్వ అమాయకంగా పూలు కడుతోంది. నేను బస్సెక్కాను.

ఆ ఉదయం ఎంత బాగుందో చెప్పలేను. సరుగుడు చెట్లలోంచి గాలి, తోపు అవతల కనబడని అల చప్పుడు, అట్టల వెనక తెల్లటి ఇసుక గుట్ట మీద లేత ఎండ. చాప మీద బోర్లా పడుకుని, నున్నటి కర్రకు చెంప ఆనించి కన్నంలోంచి చూశాను. వలయం మధ్యలో నల్ల మచ్చ సిద్ధంగా కూర్చుని ఉంది. నేను వెతకలేదు, అదే వచ్చింది. పారిపోతుందేమోనని చూశాను. పారిపోలేదు. ఊపిరి పీల్చాను, వదిలాను. కదల్లేదు. రెండేళ్ళు నన్ను ఏడిపించిన మచ్చ, పెంచుకున్న పిల్లిలా అలాగే ఉంది. నా రైఫిలు మహిమ అనుకున్నాను. ఆత్రం అన్నది లేదు. కల్లో ఉన్నట్టు నెమ్మదిగా ట్రిగ్గర్ నొక్కాను. టప్. మళ్ళీ చూశాను, మచ్చ అక్కడే. టప్. పది గుండ్లూ అలాగే వదిలాను. జట్టు చొక్కా మీద పేరు ఏ రంగులో కుట్టిస్తారో కూడా ఆలోచించుకున్నాను. లేచి నిలబడితే కళ్ళు చెమర్చాయి.

అందరితోపాటు నడిచి వెళ్ళి చూస్తే నా అట్ట ఇస్త్రీ చేసిన పంచెలా ఉంది. ఒక్క కన్నం లేదు. (కాగితానికి కన్నాలు కొట్టడమే ఉద్యోగంగా బతుకుతున్న మనిషిని.) పక్క అట్ట ఒక బ్యాంకు ఆఫీసరుది, పైసా తేడా వస్తే నిద్రపోని మనిషి. ఆయన తన అట్ట మీద కన్నాలు మూడుసార్లు లెక్కపెట్టి, "నేను వేసింది పది. ఇక్కడ పదమూడుండాయి. ఈ మూడు నావి గాదు" అని సుబేదారు మామకు ఫిర్యాదు చేశాడు. నా మిగతా ఏడూ ఇసుక గుట్టలో ఉన్నాయి.

మామ నా ఖాళీ రైఫిలు తీసుకుని, గుట్టవైపు పెట్టి చూశాడు. అట్టలు లేని మూలకు తిప్పి చూశాడు. ఆకాశంలోకి ఎత్తి చూశాడు. నిదానంగా అన్నాడు.

"ఏం పాపా, యాడ చూసినా టార్గెట్టే కనిపిస్తా ఉండాదే."

గొట్టం చివర తిప్పి చూపించాడు. గాజు బిళ్ళ మీద, వలయానికి సరిగ్గా నడుమ, అగ్గిపుల్లతో పెట్టిన కాటుక చుక్క. గుండ్రంగా, ముద్దుగా ఉంది. నేను పది గుండ్లూ దాన్ని చూసే కాల్చాను.

"ఎవురు పెట్టింది?"

"మా అవ్వ. దిష్టి తగలకుండా."

మామ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మళ్ళీ కాలుస్తానని బతిమాలాను. ఎంపికకు ఒక్కసారే కాల్చాలి, ఎవరికైనా అంతే అన్నాడు. జట్టులో ఆ ఒక్క చోటూ మూడోసారి పోయింది.

బస్సులో కిటికీ పక్కన పెట్టె కౌగిలించుకుని కూర్చున్నాను. పిళ్ళైచావడిలో ఎక్కిన చేపల గంప ఆమె నా మొహం చూసి, పెట్టె చూసి, "పావం, వీణ విరిగిపోయిందా తల్లీ?" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ బయటపడింది. అవునన్నట్టు తలాడించాను. ఊరు వచ్చేదాకా ఆమె నా వీపు నిమురుతూనే ఉంది. పెద్దగా కేకలేసి అవ్వను కడిగేయాలని దారి పొడవునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను.

గుమ్మంలో అవ్వ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో, కర్పూరం ఆరిపోయి మళ్ళీ పెట్టిన మసి పళ్ళెం మీద ఉంది.

"గురి తగిలిందా పాపా?"

"తగిలింది. పక్కాయన అట్టకు."

"ఏదో ఒకదానికి తగిలింది గదా" అని దిష్టి తీసింది.

పేర్చుకున్న మాటలన్నీ వదిలేసి, పెట్టె తెరిచి గాజు బిళ్ళ చూపించి, ఇక్కడ ఎందుకు పెట్టినావవ్వా అని మాత్రం అడిగాను. ఆమె నా అజ్ఞానానికి జాలిపడింది. "గుండ్రంగా గీత గీసి పెట్టినారు గదే, బొట్టుకు గాకపోతే ఇంకెందుకు? చేసినోడికి తెలుసు." నేను చున్నీ కొసతో తుడవబోతే చెయ్యి పట్టుకుంది. "ముఖాన పెట్టింది తుడవకూడదు పాపా. తానే పోవల్ల."

వారం తర్వాత రేంజికి వెళ్తే మామ, చుక్క ఉందా పోయిందా అని అడిగాడు. ఉందన్నాను. ఉండనీ అన్నాడు. "ఆ బ్యాంకాయన అట్ట మీద నీ మూడు గుండ్లూ ఒక రూపాయి బిళ్ళ కింద ఇమిడిపోతాయి. దేన్నీ చూడకుండా కాల్చినావు, అయినా చెయ్యి వణకలా. నల్లది కనిపిస్తేనే నీకు తొందర. ఆ రోజు నల్లది పోదని నమ్మినావు, తొందర పడలా. మీ అవ్వ పెట్టిందాన్ని చూసుకుంటా ఉత్త ఇసుకలోకి కాలుస్తా ఉండు కొన్నాళ్ళు."

అలా ఆ ఏడాది ప్రతి ఆదివారం పొద్దున పీట వేసుకుని కూర్చుని, అవ్వా చుక్క పెట్టు అని నేనే అడిగేదాన్ని. ఆమె అద్దాలు సవరించుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని, అగ్గిపుల్లతో పెట్టేది. పక్కనున్న నాకూ చెవి వెనక ఒకటి పెట్టేది. మరుసటి ఏడు ఎంపికరోజు మాత్రం బస్సు దిగాక, సరుగుడు చెట్టు చాటుకు వెళ్ళి, దొంగతనం చేస్తున్నట్టు గాజు బిళ్ళను తుడిచేశాను. జట్టులో చోటు దొరికింది. తన చుక్క వల్లే దొరికిందని అవ్వ వీధంతా చెప్పింది. (వీణ పోటీ అని వీధి అనుకుంది.) చుక్క వల్లే అన్నది నిజమే. తుడిచానని మాత్రం ఆమెకు చెప్పలేదు. చెప్పకుండానే ఆమె పోయింది. ఆ ఒక్క మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఈ మధ్య నాకు కుడి కంటి ముందు ఒక నల్ల చుక్క తేలడం మొదలైంది. కళ్ళజోడు మీద మరకేమోనని వారం రోజులు తుడిచాను. చివరికి కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, దీపం వేసి చూసి, భయం లేదు, ఈ వయసులో చాలామందికి వస్తుంది, తుడిస్తే పోయేది కాదు, పోతే తనంతట తానే పోతుంది అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆమె కంగారుపడి ఇంకోసారి దీపం వేసి చూసింది.

తిరిగి వస్తూ బీచి రోడ్డు గట్టు మీద కూర్చున్నాను. ఎడమ కన్ను మూశాను. ఓడ మీదికి చూస్తే చుక్క ఓడ మీద ఉంది. మబ్బు మీదికి చూస్తే మబ్బు మీద. ఇప్పుడెక్కడికీ గురి పెట్టనక్కర్లేని ఈ కంటికి కూడా దిష్టి తగులుతుందని అవ్వ అనుకుని ఉంటుంది. అలవాటుగా కళ్ళజోడు తీసి చున్నీ కొస చేతిలోకి తీసుకున్నాను. తర్వాత తుడవకుండానే పెట్టుకున్నాను.